వెనక గేటు దాటిన ఆకులు

స్తంభాన్ని చీల్చుకొని వచ్చిన నరసింహ స్వామికి జయం. గుట్ట మీది రాతిలో, గుడిసెలోని దీపంలో, ఆకలిగొన్నవాడి కడుపులో ఒక్క తీరుగా ఉండే తండ్రికి జయం. నా నోటికి మాట ఇచ్చింది ఆయనే. ఆ మాట దారి తప్పినప్పుడు నన్ను వదిలేయకుండా చెవి పట్టి వెనక్కి తెచ్చింది కూడా ఆయనే. ముందు ఆయనకు దండం పెట్టుకొని, తర్వాత ఈ సంగతి చెబుతాను.

మాది నిజామాబాద్. మా ఆయనకు బజారులో ప్లేట్లు, గ్లాసులు, పెళ్లి సామాను అమ్మే దుకాణం ఉంది. మా బాపు బోధన్ వైపు పల్లెల్లో పురాణం చెప్పేవాడు. ఆయన పక్కన కూర్చుని తాళాలు వాయిస్తూ పెరిగినదాన్ని కాబట్టి నాకు బడి పాఠాల కంటే ముందు శ్లోకాలు వచ్చాయి. బాపు పోయిన తర్వాత మా భజన మండలిలో పారాయణం చెప్పే పని నా మీద పడింది. బోధన్ రోడ్డు వైపు మాకు ఒక పెద్ద రేకుల షెడ్డు ఉంది. ఏకాదశి నాడు అందులో ఉపవాసం, భజన. మరునాడు ద్వాదశికి అన్నదానం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, ఒక్కోసారి భీమ్‌గల్, సిరికొండ నుంచి కూడా జనం వస్తారు. నా కంటే పెద్దవాళ్లు కూడా నన్ను "అమ్మా" అనే పిలిచేవాళ్లు. మొదట్లో సిగ్గనిపించేది. తర్వాత అలవాటైంది. ఆ అలవాటు నాకు ఏం చేసిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మా మండలిలో అన్నిటికంటే గిరాకీ ఉన్న సేవ వండడం కాదు, వడ్డించడం కాదు. ఎంగిలి ఆకులు ఎత్తడం. భక్తులు తిని లేచిన ఆకు ఎత్తిన చేతిని స్వామి తన చేతిలోకి తీసుకుంటాడని బాపు చెప్పేవాడు, నేనూ చెప్పాను. అందుకని పంక్తి లేవకముందే ఆడవాళ్లు కొంగులు బిగించి గోడ పక్కన నిలబడేవాళ్లు.

"పోయినసారి నువ్వే ఎత్తినవ్ గదనే. గీసారి నాది."

"పుణ్యానికి లైన్ గడ్తరా? నడుము నొస్తుందని మొన్ననే ఏడ్సినవ్. కూసో పో."

"దేవునికాడ నొయ్యదు తల్లీ. మీ అత్త బోళ్లు తోమాలంటేనే నొస్తది."

అందరూ నవ్వేవాళ్లు, చివరికి నేను తీర్పు చెప్పేదాన్ని. అరిటాకులూ మోదుగ విస్తర్లూ మానేసి చాలా రోజులైంది. ఆకుపచ్చ రంగు వేసి, అరిటాకు ఈనెలు అచ్చు వేసి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర అంటించిన కాగితం ప్లేట్లు వాడేవాళ్లం. మా దుకాణం నుంచే కొన్న ధరకు ఇచ్చేవాళ్లం, అదీ సేవే అనుకొని. అవి కాగితమని అందరికీ తెలుసు. అయినా ఎత్తేటప్పుడు అదే భక్తి. బస్తాల్లో కుక్కి, వెనక గేటు దగ్గర పెట్టి, చేతులు కడుక్కొని, ఆ తడి చేతుల్నే కళ్లకు అద్దుకునేవాళ్లం. తెల్లారి కార్పొరేషన్ బండి వచ్చి ఎత్తుకుపోయేది. ఎక్కడికి అని మాలో ఒక్కరం అడగలేదు. మా సేవ వెనక గేటు దగ్గర అయిపోయేది.

ఒక ద్వాదశి నాడు మా వార్డు జవాను వచ్చాడు. జవాను అంటే చెత్త బండ్లను చూసుకునే కార్పొరేషన్ ఉద్యోగి. మా అన్నదానంలో చాలాసార్లు తిన్నవాడే. ఆ రోజు కూడా తిని, చేయి తుడుచుకుంటూ మెల్లగా విషయం చెప్పాడు.

"అమ్మా, గుస్సా గావద్దు. ఇండ్ల చెత్తకు ఆటో ఎప్పటి లెక్కనే వస్తది. గిట్ల పెద్ద పంక్తులు వెట్టేటోళ్లు, ఫంక్షన్ హాళ్లోళ్లు మాత్రం ఇగ మీ మాల్ మీరే చెత్త యార్డుకు తేవాలె. ఆడ కాంటా అయితది. బరువును బట్టి ఫీజు. తడి, పొడి వేరు జేసి తెస్తే తక్కువ. అంత కలిపి తెస్తే ఎక్కువ."

మా కోశాధికారి లేచి నిలబడ్డాడు. "ఫీజు దేనికి? కరెంటు బిల్లు గడ్తలేమా, నల్లా బిల్లు గడ్తలేమా?"

"గుంతలు నిండినయ్ సార్. కొత్త జాగ దొర్కుతలేదు. పైసలు వెడ్తేనన్న చెత్త తక్కువ జేస్తరని సర్కారు ఆలోచన. నేను జెప్పేటోన్నే, పెట్టేటోన్ని గాదు."

"దేవుని అన్నం మీద ఫీజా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "రేపు హారతి పొగకు గూడ ఏస్తరు" అని ఇంకెవరో. షెడ్డంతా గొడవ. జవాను ఖర్మరా అన్నట్టు తల గోక్కున్నాడు. అందరూ నా వైపు చూశారు.

ఆ చూపు నాకు ఇష్టం. ఇప్పుడు దాచడం ఎందుకు? మైకు తీసుకున్నాను. ప్రసాదం అంటే ఏమిటో చెప్పాను. భగవంతుడికి నివేదించిన అన్నం తిన్న ఆకు సామాన్యమైన ఆకు కాదన్నాను. పెళ్లిలో మిగిలిన బిర్యానీతో పాటు దాన్ని తూకం వేయమనేవాళ్లకు తెలియక అంటున్నారని, తెలిసిన మనం ఒప్పుకోవద్దని అన్నాను. "ఇవి చెత్త కావు. చెత్త కాని దానికి చెత్త ఫీజు కట్టడమంటే అది చెత్త అని మన చేతులతో మనమే రాసిచ్చినట్టు" అన్నాను. చప్పట్లు మోగాయి. ఆడవాళ్లు గోవింద కొట్టారు. జవాను నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక మా ఆయన చొక్కా విప్పుతూ అన్నాడు, "ఆ స్టేజీకి ఏసిన పూల దండల ఖర్చంత గూడ గాదు ఆ ఫీజు. కట్టి పారేస్తే అయిపోవు గదా."

"మీకు ప్రతిదీ దుకాణమే" అన్నాను. 

కానీ ఆకులు ఎటో ఒకవైపు పోవాలి కదా. తర్వాతి ద్వాదశికి ఆ దారి చూపించింది పెద్దన్న. ఆయన్ను మండలిలో అందరం అలాగే పిలుస్తాం. బోధన్ రోడ్డు నుంచి లోపలికి పోతే వచ్చే ఊర్లో రైతు. చెరుకు, కొంత వరి. చదువు పెద్దగా లేదు, కానీ భజనలో ఆయన గొంతు లేస్తే రేకులు మోగుతాయి. ప్రతి ద్వాదశికి పొయ్యిలోకి కట్టెలు, కూరగాయలు తన ట్రాక్టర్లో తెచ్చేవాడు, పోయేటప్పుడు ఖాళీ ట్రాలీతో పోయేవాడు.

"అమ్మా, నా చెరుకు గట్టు మీద పాత మట్టి తవ్విన గుంత ఉంది" అన్నాడు చేతులు కట్టుకొని. "నువ్వు సెలవిస్తే ఆకులు నేను తోలుకపోత. స్వామి ప్రసాదం ఆకులు నా భూమిల వడుడంటే, నా అసొంటోనికి గంతకంటే ఏం గావాలె?"

నేను సెలవిచ్చాను. ఆ మాట అన్నందుకు ఆయనకు అందరి ముందు శాలువా కూడా కప్పాను.

అలా ఆకులు ఆయన పొలానికి పోవడం మొదలైంది. వానాకాలం పోయి చలికాలం వచ్చింది. ఒకసారి బోధన్‌లో చుట్టాలింటికి పోయి తిరిగి వస్తూ ఆయన పొలం దగ్గర ఆగాను. చెరుకు నా తల మీదికి ఇంకో మనిషంత ఎత్తు ఉంది. గట్టు చివర ఆ గుంత. పచ్చని ప్లేట్లు అంచు వరకు నిండి ఉన్నాయి. వానలకు నాని, ఎండకు ఎండి, ఒక్కటి కూడా మట్టిలో కలిసినట్టు లేదు. రంగు మాత్రం కొంచెం వెలిసింది.

పెద్దన్న గుంతకు చాలా దూరంలోనే చెప్పులు విప్పాడు. నేనెందుకని చూస్తే, సిగ్గుపడ్డాడు.

"చెప్పులతోని ఎట్ల పోత అమ్మా, భక్తులు తిన్నయి గదా."

గుంత పక్కన ఒక రాయికి పసుపు, కుంకుమ పెట్టి ఉంది. నాకు కళ్లు చెమర్చాయి. మా బాపు చెప్పిన మాట ఈ మనిషి కదా పాటిస్తున్నాడు అనుకున్నాను. నేనూ చెప్పులు విప్పి ఆ గుంతకు దండం పెట్టాను. ప్లేట్లు కుళ్లలేదని కంటికి కనపడుతూనే ఉంది. కనపడినదాన్ని నా మనసు వరకు రానివ్వలేదు.

మాఘమాసంలో ఒక పగటిపూట ఆయన భార్య ఫోన్ చేసింది. ఆమెను నేను వదినె అంటాను. 

"చెరుకు కాలిపోయింది అమ్మా. మీ అన్న గట్టు మీద కూసొని లేస్తలేడు. నువ్వు జెర వస్తే..."

మా ఆయనా నేనూ వెళ్లేసరికి మంట ఆరింది. ఇంకా పొగ వస్తోంది. నల్లగా, ఆకులు లేకుండా, గడలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఊరివాళ్లు పచ్చి కొమ్మలతో కొట్టి పక్క చేన్లకు అంటుకోకుండా ఆపారట. నేల మీద అక్కడక్కడా ఆకుపచ్చ ముద్దలు, కరిగి గట్టిపడి. అవేమిటో నాకు వేరే చెప్పాల్సిన పని లేదు.

జరిగింది వదినె చెప్పింది. గుంత నిండి పొర్లింది. కుక్కలు, పందులు వచ్చి ప్లేట్లు బయటికి లాగుతున్నాయి. గాలికి ఎగిరి బాట మీద పడుతున్నాయి, దారిన పోయేవాళ్లు తొక్కుతున్నారు. పెద్దన్న రోజూ వాటిని ఏరి మళ్లీ గుంతలో వేసేవాడు. "పందులు మూతి వెట్టుడు కంటె అగ్నిదేవునికి ఇచ్చుడు నయం" అని చివరికి అనుకున్నాడు. స్నానం చేసి, కర్పూరం ముట్టించి గుంతలో వేశాడు. ప్లాస్టిక్ పొర ఉన్న ప్లేట్లు ఎలా మండుతాయో ఆయనకు తెలియదు. ఒక్కసారిగా లేచాయి. అంచులకు మంటతో గాలిలోకి ఎగిరి చెరుకులో పడ్డాయి. కోతకు వచ్చిన చెరుకులో కింద ఎండాకు మోకాలెత్తు ఉంటుంది. ఇంకేం కావాలి?

ఆయన గట్టు మీద ఒట్టి కాళ్లతో కూర్చుని ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. చెరుకు గురించి ఏడుస్తున్నాడనుకున్నాను. ఆ దుఃఖం అయితే నాకు తెలుసు. కాలిన చెరుకు రోజురోజుకూ బరువు తగ్గుతుంది. బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి ఇక్కడి చెరుకు దూరం పోవాలి. మహారాష్ట్ర నుంచి వచ్చే కోత కూలీలు దొరకాలి, లారీ దొరకాలి, కాలిన సరుకని అక్కడ ధర కోస్తారు. కానీ ఆయన చెరుకు వైపు చూడడం లేదు. గుంత వైపు చూస్తున్నాడు.

"పాపం జేసిన అమ్మా" అన్నాడు. "ప్రసాదం ఆకులకు అగ్గి వెట్టిన. స్వామి ఊకుంటడా? అక్కడిదక్కడ్నే సూపిచ్చిండు."

అప్పుడు నా నోట్లో నిజం ఉంది. అవి ప్లాస్టిక్ పూసిన ప్లేట్లు అన్నా, కట్టాల్సిన ఫీజు మేం కట్టలేదు, అందుకు నీ చేను కాలింది అనాలి. ఆయన ఎవరికి చేతులెత్తి మొక్కుతాడో ఆ నేనే ఆ మాట అంటే చాలు. కానీ చుట్టూ ఊరివాళ్లు ఉన్నారు, మండలివాళ్లు కొందరు వచ్చారు, అందరూ అమ్మ ఏమంటుందో అని చూస్తున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకొని, "అంతా స్వామి లీల అన్నా. మన చేతుల ఏముంది?" అన్నాను.

నా జీవితంలో ఆ స్వామి పేరు ఎన్నో సార్లు తలుచుకున్నాను. ఆ ఒక్కసారి తలుచుకున్న తీరుకు మాత్రం ఇప్పటికీ నా నాలుక కాలుతుంది. ఆయన భయాన్ని నేను తీయలేదు. ముద్ర వేసి గట్టి చేశాను.

మండలివాళ్లం కూలీల కోసం తిరిగాం, లారీ మాట్లాడాం, చెరుకు ఎలాగో తరలించాం. ఆ సాయానికి ఆయన దండాలు పెడుతూనే ఉన్నాడు. పంట నష్టాన్ని ఆయన ఎలాగో దిగమింగాడు, ఇంకో చెరుకు తోట వేశాడు. పాపం మాత్రం దిగలేదు. ఒంటిపూట తినడం మొదలుపెట్టాడు. చెప్పులు పూర్తిగా మానేశాడు. ద్వాదశికి కట్టెలు తెచ్చేవాడు కానీ లోపలికి వచ్చేవాడు కాదు. షెడ్డు బయట, చెప్పులు విడిచే చోట కూర్చునేవాడు. తినమంటే, "నేను ఆ ఆకు ముట్టే మనిషిని గాదు" అనేవాడు. భజనలో ఆయన గొంతు ఉండే చోట ఖాళీగా ఉండేది. రేకులు మోగేవి కావు.

ఆకుల గుంత అయిపోయింది కాబట్టి కమిటీ మళ్లీ కూర్చుంది. నిజాంసాగర్ కాలువ ఉంది కదా, పారే నీళ్లు, నిర్మాల్యం లెక్కన వదిలేద్దాం అని ఒకరు అన్నారు. ఇంకొకరు తమ మామ వాళ్ల బీడు ఉందన్నారు, అప్పటికి అదే ఖాయమైంది. ఎవరి నోటి నుంచీ ఫీజు అన్న మాట రాలేదు. నేను రాకుండా చేసి పెట్టాను.

ఎండాకాలం ముదిరిన తర్వాత వదినె మా ఇంటికి వచ్చింది. కుర్చీలో కూర్చోమంటే గడప దగ్గరే కూర్చుంది. మంచినీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి, సూటిగా అడిగింది.

"మనిషి సగమైండు. పొలం కాడ కండ్లు తిరిగి వడ్డడు. డాక్టర్ తినమంటడు, ఈయన తినడు. నేను జెప్తే, నీకేం ఎర్క, అమ్మ జెప్పింది అవి చెత్త గాదని అంటడు. నువ్వే అన్నవట గదా మైకుల. మరి నువ్వే వచ్చి విప్పు ఆ ముడి. ఇంకెవ్వలు విప్పినా ఊడది."

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మరునాడే వెళ్లాను. మంచం వాల్చి కూర్చోబెట్టారు. పెద్దన్న కింద కూర్చున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. నీది పాపం కాదు, అవి ఒట్టి ప్లాస్టిక్ పూసిన కాగితం ప్లేట్లు, గాలికి నిప్పు అంటుకుంది, దేవుడు శిక్షించలేదు అని. ఆయన అంతా విన్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు ఎంత దయగా ఉందంటే నాకు ముఖం దాచుకోవాలనిపించింది.

"నా గోస సూడలేక అంటున్నవ్ అమ్మా. నీ మనసు నాకెర్కలేదా? నా కోసమని శాస్త్రం మార్తదా?"

నేను ఎంత చెబితే నా మంచితనం మీద ఆయనకు అంత నమ్మకం పెరుగుతోంది. ఇంటికి వచ్చి దేవుడి ముందు కూర్చున్నాను. జపం సాగలేదు. ప్రసాదం పవిత్రమన్న మాట అబద్ధమా? కాదు. ఈ రోజుకీ నేను దాన్ని నమ్ముతాను. మరి నా తప్పు ఎక్కడ? ఆ పవిత్రతను అడ్డం పెట్టుకొని నేను ఒక పనిని తప్పించుకున్నాను. మా ఎంగిలి మేం మోయాల్సిన బరువు. అది కాంటా ఎక్కకపోతే ఇంకొకరి నెత్తి ఎక్కుతుంది, ఎక్కింది. స్తంభంలో ఉన్న స్వామి గురించి ఇన్నేళ్లు చెప్పినదాన్ని. ఆయన ఆ కాంటాలో కూడా ఉన్నాడని నాకు తట్టలేదు. నా దేవుణ్ణి నేనే వెనక గేటు దగ్గర ఆపేశాను.

తర్వాతి ద్వాదశికి అన్నదానం అయ్యాక బస్తాలు ఎవ్వరినీ ముట్టనివ్వలేదు. నేను, మా ఆయన కూర్చొని అన్నం మెతుకులు వేరు, ప్లేట్లు వేరు చేశాం. వాసనకు మా ఆయన ముక్కుకు కండువా కట్టుకున్నాడు. "దుకాణం దుకాణం అని నన్ను అంటివి" అన్నాడు, అంతే. బయట కూర్చున్న పెద్దన్న దగ్గరికి పోయి, "అన్నా, ట్రాక్టర్ తీయి. యార్డుకు పోవాలె" అన్నాను.

ప్రసాదం ఆకులు యార్డుకా అన్నట్టు నా వైపు చూశాడు. కానీ నేను అడిగితే కాదనే మనిషి కాదు.

యార్డు ఊరి బయట ఉంది. దూరం నుంచే గద్దలు కనిపించాయి. గుట్టలు అంటే మాకు స్వామి వెలసిన గుట్టలే గుర్తుకొస్తాయి. ఇవి వేరే గుట్టలు. ఊరంతా తిని, వాడి, విసిరేసినవి. ఒక పక్క నుంచి పొగ. గేటు దగ్గర కాంటా, పక్కన చిన్న గది. ట్రాక్టర్ కాంటా ఎక్కింది. పెద్దన్న దిగి పక్కన నిలబడ్డాడు. మా జవాను అక్కడే ఉన్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు, కానీ పాత మాట ఎత్తలేదు. గదిలోని గుమాస్తా కిటికీలోంచి అడిగాడు.

"ఏడికెళ్లి వచ్చిందమ్మా?"

"భజన మండలి."

"దేవుని కాడిదా? చెత్తనేనా?"

పెద్దన్న తల ఎత్తి నా వైపు చూశాడు.

"అవు, చెత్తనే" అన్నాను. "వేరు జేసి తెచ్చినం. ఫీజెంతనో రాయి బిడ్డా."

తూకం అయ్యాక ఫీజు కట్టాను. పెద్దన్న ట్రాలీని లోపలికి తోలి ఒంపేశాడు. పచ్చని ప్లేట్లు ఊరందరి ప్లేట్లలో పడి కలిసిపోయాయి. ఏవి మావో, ఏవి పెళ్లివాళ్లవో నేను గుర్తుపట్టలేకపోయాను. తిరిగి చూస్తే పెద్దన్న ఒట్టి కాళ్లతో ఆ నేల మీద నిలబడి ఉన్నాడు. చుట్టూ గాజు పెంకులు, మేకులు.

"చెప్పులు ఏస్కో అన్నా. కాలు తెగుతది."

"చెప్పులు లేవు అమ్మా. మానేసిన."

నేను నా చెప్పులు విప్పబోయాను. ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడు అడిగాడు.

"ఆ దినం మైకుల చెత్త గాదన్నవ్. నేను ముందట్నే కూసున్న. చప్పట్లు గూడ గొట్టిన. ఇయ్యాల చెత్తనే అంటివి. నాకోసం అన్నవా?"

"నీకోసం గాదు. ఆ దినం అన్నదే నాకోసం అన్నా. ఫీజు కట్టుడు ఇష్టం లేదు. మీరంత నా దిక్కు సూస్తుంటే, ఆ సూపు వదులుకునుడు అంతకన్న ఇష్టం లేదు. నువ్వు కాలవెట్టింది ప్రసాదం గాదు, నా గొప్పతనం. దానికి నీ చెరుకు వోయింది."

 ఒక లారీ హారన్ కొట్టుకుంటూ కాంటా ఎక్కింది.

"ఈ మాట నమ్మితె నా పాపం పోతది" అన్నాడు చివరికి, మెల్లగా, లెక్క తేల్చుకుంటున్నట్టు. "మంచిదే. మరి నిన్ను యాడ వెట్టుకోవాలె అమ్మా?"



"పీట మీదికెళ్లి దించు" అన్నాను. "నీ పక్కన కూసోవెట్టు."

ఆయన పోయి ట్రాక్టర్ ఎక్కాడు. తిరిగి వచ్చేటప్పుడు బజారులో ఆపి, చెప్పుల దుకాణంలోకి పోయి, రబ్బరు చెప్పులు వేసుకొని బయటికి వచ్చాడు. నా వైపు మాత్రం చూడలేదు.

తర్వాత వచ్చిన ద్వాదశికి, పారాయణం మొదలుపెట్టకముందే, అదే మైకులో జరిగిందంతా, నా తప్పుతో సహా, అందరికీ చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. కోశాధికారి తల దించుకొని కూర్చున్నాడు. ఒకామె, "గీ మాట మునుపే జెప్తె అయిపోవు గదా, ఆ మనిషిని గంత ఎండవెట్టేదాక ఉన్నరా" అని పక్కామెతో నాకు వినిపించేలాగే అన్నది. న్యాయమే. ఫీజు మండలి కట్టాలని తీర్మానించారు. మోదుగ విస్తర్లు కుట్టేవాళ్లను వెతుకుతున్నాం, దొరికినప్పుడు వాటినే వాడుతున్నాం, దొరకనప్పుడు ఇంకా ఆ పచ్చ ప్లేట్లే. ఆ ప్లేట్ల కట్టలు మా దుకాణంలో ఇప్పటికీ ఉన్నాయి, ఇప్పటికీ అమ్ముతాం. ఈ సంగతిలో నేను పూర్తిగా బయటపడ్డానని చెప్పుకోను.

ఆ రోజు పంక్తి కూర్చునేటప్పుడు పెద్దన్న లోపలికి వచ్చాడు. కొత్త చెప్పులు అందరి చెప్పుల మధ్య విడిచి, గోడ పక్కన చివరి ఆకు ముందు కూర్చున్నాడు. నేను చారు బకెట్ పట్టుకొని వడ్డిస్తూ ఆయన దగ్గరికి వచ్చాను. ఆయన అన్నంలో గుంత చేసి, తల ఎత్తకుండా అన్నాడు.

"ఇంకింత పొయ్యి చెల్లె."

ఇన్నేళ్లలో ఆయన నన్ను అలా పిలవలేదు. నా కంటే వయసులో పెద్దవాడు, అలాగే పిలవాలి. అయినా ఆ మాట నాలో ఒక చోట పొడిచింది, ఒక చోట నిమిరింది. ఆయన కడుపు నిండా తిన్నాడు. వదినె ఆడవాళ్ల వరుసలోంచి ఆయన ఆకు వైపే చూస్తూ కూర్చుంది. తిన్నాక ఆయనే లేచి తన ఆకు, పక్కవాళ్ల ఆకులు ఎత్తి, మెతుకులు ఒక బకెట్లో, ఆకులు ఒక బస్తాలో వేశాడు.

నేను ప్రవచనం మొదలుపెట్టే వేళకు ఆయన లేడు. బయట ట్రాలీలో బస్తాలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. ఇప్పటికీ అంతే. వస్తాడు, తింటాడు, భజనలో గొంతు కలుపుతాడు, రేకులు మళ్లీ మోగుతున్నాయి. నేను నోరు విప్పే వేళకు యార్డుకు బయలుదేరతాడు. ఆయన్ను ఉండమని అడిగే ముఖం నాకు లేదు.

ఇది చదివిన అన్నల్లారా, అక్కల్లారా, ఒక్క క్షణం నాతో పాటు చేతులు జోడించండి. నా తప్పు మాఫీ కావాలని కాదు, అది నేనూ స్వామీ చూసుకుంటాం. అన్నం ముందు కూర్చున్న ఏ మనిషికీ భయం ఉండవద్దని అడుగుదాం. మా పెద్దన్న వేసిన కొత్త తోట పచ్చగా నిలవాలని అడుగుదాం. తండ్రీ, మేం విడిచిన బరువు మా కళ్ల ముందు నుంచి పోనివ్వకు. మా వాకిట్లో ఎంత ఉంటావో, మా వెనక గేటు అవతల కూడా అంతే ఉండు. మేం నిన్ను అక్కడ కూడా గుర్తుపట్టేలా చెయ్యి. గోవిందా, గోవింద.